తిత్తి వైపు నుంచి

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఇంట్లో ఉన్నవాళ్లం ఐదుగురం. చాప మీద వెల్లకిలా పడుకుని మోచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్న బాపు, వంటింట్లో గిన్నెలు తోముతున్న అమ్మ, కిటికీ కింద కాళ్లు చాపుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న బాపమ్మ, గల్ఫ్‌లో మేముండే ఈ రూవి ఫ్లాటులో రెండో గదిలో ఉండే కడప జాహిదా ఆంటీ, నేను. లేని మనిషి ఒక్కరే, ఆంటీ భర్త ఖమరుద్దీన్ అంకుల్, ఆయన లేకపోవడం వల్లే నాకు ఆ గంట దొరికింది. ఆయనది బేకరీలో రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. అందుకని మా ఇంట్లో టీవీకి బొమ్మలే ఉంటాయి, మాటలుండవు, కుక్కర్ విజిల్ వచ్చే ముందే అమ్మ పరుగెత్తి మంట తగ్గిస్తుంది, బాపమ్మ తుమ్మాలన్నా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. శుక్రవారం మాత్రం ఆయన జుమ్మా నమాజుకు పోయి, అటునుంచటే హమ్రియాలో తమ్ముడి రూములో తిని, మూడింటికి వచ్చి పడుకుంటారు. నమాజు వేళ ఆంటీ కూడా గదిలో చదువుకుంటుంది కాబట్టి అప్పుడు మేమూ చప్పుడు చెయ్యం. ఆ తర్వాత అన్నాలు. ఇక మిగిలేది రెండు నుంచి మూడు. వారం మొత్తంలో ఈ ఇంటికి గొంతు ఉండే గంట అదొక్కటే, ఆ గంటలో నా ముందు, సూట్‌కేసు మీద, గోడ ప్లగ్గుకు తగిలించి, ఆ కీబోర్డు ఉంది.

నాది కాదు ఇంకా. నాలుగింటికి మొయినుద్దీన్ భాయి పాత సామాన్ల షాపు మళ్లీ తెరుస్తాడు, ఆలోపు అది ఉండాలో పోవాలో తేలాలి, తేల్చాల్సింది నేను, ఇప్పటిదాకా నన్ను ఎవరూ ఏదీ తేల్చమని అడగలేదు, చుడీదార్ రంగు కూడా అమ్మే తేల్చేది. పొద్దున కూరగాయలకని బాపు వెంట వెళ్లినప్పుడు ఆ షాపు అద్దం దగ్గర నిలబడ్డాను, నిలబడ్డానని నాకే తెలియదు, ఇస్త్రీ పెట్టెలకూ మిక్సీలకూ మధ్య అది పెద్ద పళ్లు బయటపెట్టి నవ్వుతున్నట్టుంది, బాపు మూడు సార్లు పిలిచాడట, నా వేళ్లు అద్దం మీద కదులుతున్నాయట. మొయినుద్దీన్ భాయి జుమ్మా కోసం షట్టర్ సగం దించేశాడు. జాహిదా ఆంటీ వాళ్ల ఊరివాడే, మమ్మల్ని ఎరుగును కాబట్టి, "ఊరికే తీసుకపోండి సార్, పాప వాయించి చూడనీ, నాలుగింటికి వచ్చి ఉంచుకుంటారో వాపస్ ఇస్తారో చెప్పండి," అన్నాడు. బాపు బిల్డింగుల మెయింటెనెన్స్ కంపెనీలో సూపర్‌వైజర్, కొత్త బిల్డింగు తాళాలు తీసుకునే ముందు గది గదీ తిరిగి ఎక్కడ బాగుంది, ఎక్కడ బాగాలేదు అని రాసుకుంటాడు, దాన్ని స్నాగ్ లిస్టు అంటారు. మెట్లెక్కుతూ, కీబోర్డు భుజాన పెట్టుకుని, వెనక్కి చూడకుండానే అన్నాడు, "మంచి ఒక దిక్కు రాయి, చెడ్డ ఒక దిక్కు రాయి. నాకు పాట తెల్వది, నేను చెప్ప. నువ్వే చెప్పాలె."

నా డైరీలో ఒక పేజీకి మంచి అని, ఎదురు పేజీకి చెడ్డ అని రాసుకున్నాను. మంచి పేజీలో మొదటిది, తేలిక, బాపు ఒక్క భుజం మీద మూడంతస్తులు ఎక్కించాడు. రెండోది, చెవులకు పెట్టుకునే వైరుకి రంధ్రం ఉంది, అది పెట్టుకుంటే ఖమరుద్దీన్ అంకుల్ తల పక్కన కూర్చుని వాయించినా ఆయనకు వినపడదు. మూడోది, నూరు రకాల గొంతులు, పిల్లనగ్రోవి నుంచి గుడి గంట దాకా. చెడ్డ పేజీ మాత్రం నేను పెన్ను పెట్టకముందే నిండేలా ఉంది. పాతది. పుస్తకం నిలబెట్టుకునే రేకు లేదు. వేళ్లతో నొక్కే మెట్ల మీద ఎవరో చిన్నపిల్లాడి స్టిక్కర్లు, సగం పీకినవి, వేలికి అంటుకుంటాయి. పై వరసలో ఒక మెట్టు నొక్కితే టక్కుమంటుంది, అది పాట కాదు ప్లాస్టిక్కు. తాళం వేసే బటన్లు నూరు ఉన్నాయి కానీ ఒక్కటీ మనిషి కోసం ఆగదు, మనం తడబడినా అది ముందుకే పోతుంది. వైరు మూరెడే, గోడ పక్కనే కూర్చోవాలి. అన్నిటికన్నా పెద్దది, మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే చప్పుడు. గుండె బరువుగా ఉన్న మనిషి నొక్కినా, ఈగ వాలినా, అంతే. దానికి ఊపిరి లేదు. ఇది రాసి దాని కింద గీత గీశాను, ఎందుకంటే ఊపిరి సంగతి నాకు తెలుసు, ఈ లోకంలో నాకు తెలిసిందేదైనా ఉంటే అదొక్కటే.

ఎలా తెలుసంటే, తాత వల్ల. మా తాత భూమయ్య ఊళ్లో భజన మండలికి హార్మోనియం వాయించేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన ఎడమ చెయ్యి పడిపోయింది. హార్మోనియానికి కుడిచెయ్యి పాట అయితే ఎడమచెయ్యి గాలి, వెనకనున్న తిత్తి కొట్టకపోతే ఎంత నొక్కినా కట్టె పెట్టే. మండలివాళ్లు వేరే మనిషిని చూసుకుందామనుకునేలోపు తాత నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పెట్టెకు అటు పక్క, తన ఎదురుగా కూర్చోబెట్టాడు. "నువ్వు గాలి కొట్టు బిడ్డా, తక్కింది నేను జూసుకుంట." ఐదేళ్లు కొట్టాను. శనివారం శనివారం, కార్తీకంలో రోజూ. బడిలో పిల్లలు నన్ను తిత్తి పిల్ల అనేవాళ్లు, నేను ఏమీ అనేదాన్ని కాదు, నాకు మాట తొందరగా రాదు, వచ్చేసరికి ఎదుటివాళ్లు వెళ్లిపోయి ఉంటారు. కానీ అక్కడ మాట అక్కర్లేదు, తాత కనుబొమ్మ లేపితే గాలి పెంచాలి, కళ్లు మూస్తే తగ్గించాలి, చరణం చివర ఆయన తల ఇంతే ఇంత వంచితే తిత్తిని వదిలేయాలి, పాట దానంతటదే దీపం కొండెక్కినట్టు సన్నగిల్లి పోవాలి. మెట్లు మాత్రం నేను ముట్టుకోలేదు. ఎవరూ ముట్టుకోరు, భజన అయిపోగానే తాత ఎర్రగుడ్డ కప్పేసేవాడు. తాత పోయిన పదకొండో రోజున మండలివాళ్లు వచ్చి పెట్టె తీసుకుపోయారు, అది మండలిదే కదా, నేను తలుపు పక్కన నిలబడి చూశాను, ఒక్కసారి ముట్టుకుంటానని అందామనుకున్నాను, మాట వచ్చేసరికి బండి వీధి దాటింది. ఆ తర్వాత పదో తరగతి పరీక్షలు, పాస్‌పోర్టు, విమానం, ఘుబ్రాలో ఇండియన్ బడి, అక్కడ నా వెనక బెంచీ, బెంచీ కింద నా మోకాలు, మోకాలి మీద నా ఎడమచేతి వేళ్లు, ఇంగ్లీషు పాఠం జరుగుతున్నంతసేపూ కదులుతూ. అవి ఏం చేస్తున్నాయో నాకు తెలుసు. తెలుసని నేననుకుంటున్నాను. అసలు లెక్క అదే. ఈ గంటలో తేలేది కీబోర్డు మంచిదా చెడ్డదా అని కాదు. ఐదేళ్లు నేను పాట నేర్చుకున్నానా, వట్టి చెయ్యి ఊపానా అని.

కూర్చున్నాను. అందరూ కూర్చున్నట్టే, తెల్లమెట్లు నా వైపు, కుడిచెయ్యి పైన. భజన ఎత్తుకునే ముందు తాత ఒక్కడే వాయించే చిన్న ముక్క ఉండేది, మాటలుండవు, జనం సర్దుకుని కూర్చోవడానికి, దగ్గులు ఆగడానికి. దానికి పేరు లేదు. నా నెత్తురులో తిరిగే ముక్క అది. మొదటి మెట్టు నొక్కాను, గొంతు పెద్దదే వచ్చింది, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. రెండోది, మూడోది. పాట ఎక్కాల్సిన చోట దిగింది. మళ్లీ మొదలుపెట్టాను. ఎక్కాల్సిన చోట దిగింది, దిగాల్సిన చోట ఎక్కింది, పైకి చూసి దండం పెట్టాల్సిన మనిషి బావిలోకి తొంగి చూస్తున్నట్టుంది. ఎడమచేత్తో ప్రయత్నించాను, మోకాలి మీద ఇన్నాళ్లు ఆడింది అదే కదా, అదీ బావిలోకే పోయింది. అమ్మ తడిచేతులతో వచ్చి నిలబడింది.

"ఏమే, గదేం పాట? ఎవలో సచ్చినట్టున్నది."

జాహిదా ఆంటీ దువ్వెన తలలోనే ఉంచుకుని తన గది గుమ్మంలోకి వచ్చింది. "మిషన్‌లోనే ఏదో తేడా ఉండాది కవితక్కా. లోపల వైర్లు ఇటువి అటు, అటువి ఇటు పెట్టినారేమో. మా మొయినుద్దీన్ భాయి మంచోడే గానీ, ఆయనకు ఫ్యానుకూ ఫ్రిజ్జుకూ తేడా తెలీదు."

"అయితే వాపసిచ్చుడే," అంది అమ్మ, నిజానికి ఆమె మొహం తేలికపడింది, సూట్‌కేసు మీద ఈ కొత్త మనిషిని ఎక్కడ పెట్టాలో ఆమెకు పొద్దుటి నుంచీ అర్థం కావడం లేదు. బాపు మోచెయ్యి తియ్యలేదు. నిద్రపోతున్నాడో వింటున్నాడో ఆయన్ను చూస్తే ఎప్పుడూ తెలియదు. బాపమ్మ మాత్రం చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని నావైపు చూస్తోంది, ఏదో గుర్తు తెచ్చుకోబోయి అందనట్టు.

మిషన్‌లో తేడా ఉందని నేనూ ఒప్పుకుంటే సరిపోయేది. చెడ్డ పేజీలో ఒక లైను, మెట్లు తిరగబడి ఉన్నాయి, అంతే, ఎవరూ నన్నేమీ అనరు. కానీ నాకు తెలుసు, మెట్లలో తేడా లేదు, ఎడమ నుంచి కుడికి గొంతు సన్నబడుతోంది, బడిలో మ్యూజిక్ గదిలో ఉన్న పెద్దదానికీ అంతే. తేడా నాలో ఉంది. నేను తిత్తి పిల్లనే. గాలి కొట్టే చెయ్యికి పాట తెలియడమేమిటి, బండి లాగే ఎద్దుకి ఊళ్ల పేర్లు తెలిసినట్టు. కళ్లలో నీళ్లు వస్తున్నాయని తెలిసి, ఎవరూ చూడకుండా, సర్దేద్దామని లేచాను. వైరు గుచ్చిన రంధ్రం వెనక వైపు ఉంది, గోడకూ సూట్‌కేసుకూ మధ్య సందులోకి మోకాళ్ల మీద దూరి, వైరు పీకడానికి ఎడమచెయ్యి చాపాను.

అక్కడ నుంచి చూశాను.

నల్లమెట్లు నాకు దగ్గరగా, తెల్లవి వాటి అవతల, దూరంగా. ఇదీ నాకు తెలిసిన చోటు. ఐదేళ్లు నేను చూసింది ఇదే, తాత వేళ్లు అవతల నుంచి నావైపు వచ్చేవి, వెండి ఉంగరం నాకు ఎదురుగా మెరిసేది, పాట పైకి పోతే ఆయన చెయ్యి నా ఎడమకు జరిగేది. నా ఎడమకు. ఆయన బొటనవేలు నా కుడివైపు, చిటికెనవేలు నా ఎడమవైపు. అద్దంలో చూసుకున్నట్టు మోకాలి మీద నా ఎడమచెయ్యి, బొటనవేలికి బొటనవేలు, చిటికెనవేలికి చిటికెనవేలు, ఐదేళ్లు ఆయనతోపాటు నడిచింది. నేను తప్పు నేర్చుకోలేదు. అటు పక్క నుంచి నేర్చుకున్నాను. పాటల పుస్తకం తాత ముందుండేది, నేను అక్షరాలు తలకిందులుగానే చదివేదాన్ని, నాకు ఇప్పటికీ పేపరు తిప్పిపెట్టినా చదవడం వచ్చు, బడిలో దానికి మార్కులు లేవు గనక ఎవరికీ చెప్పలేదు. ఇంతసేపూ నేను తాత చోట్లో కూర్చుని నా చేతులను తిట్టుకుంటున్నాను.

"అమ్మా," అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినపడింది, "దీన్ని నడుమకు జరపాలె."

గోడకూ దానికీ మధ్య కూర్చునేంత చోటు లేదు, గది మధ్యకు లాగితే వైరు అందదు. ఎక్స్‌టెన్షన్ వాషింగ్ మిషన్‌కు ఉంది, అందులో బాపు యూనిఫారాలు తిరుగుతున్నాయి, మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచీ తిప్పాలి, అమ్మ ఒప్పుకోదు. అప్పుడు గుర్తొచ్చింది, కింద మూత ఉంది, ఆరు పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుందని మొయినుద్దీన్ భాయి అన్నాడు. మంచి పేజీలో రాయడం మరిచిపోయాను. బాపమ్మ బీపీ మిషన్‌లో నాలుగు ఉంటాయి. అడగకముందే బాపమ్మ సంచిలోంచి దాన్ని తీసి నేల మీద జారవిడిచింది.

"తీస్కో బిడ్డా. గది చూస్తేనే నాకు బీపీ లేస్తది."

ఐదోది గోడ గడియారం నుంచి, బాపు మీదుగా అడుగు వేసి తీశాను, రెండూ ఇరవైకి ముల్లు ఆగింది. ఆరోది లేదు. గుమ్మంలో ఉన్న జాహిదా ఆంటీ నన్నొకసారి, సూట్‌కేసునొకసారి చూసి, లోపలికి వెళ్లి, వాళ్ల గడియారంలోది తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంగ ఈ ఇంట్లో టైము లేదు పో. మా ఆయన వస్తే టైము అయినట్టు." రెండు గడియారాలు ఆగిపోయిన ఇంట్లో, ఎంత మిగిలిందో తెలియని గంటలో, సూట్‌కేసును గది నడుమకు లాగి, కీబోర్డు వీపు నావైపు తిప్పుకుని, మఠం వేసి కూర్చున్నాను.

అమ్మ నవ్వేసింది. "గట్ల ఉల్టా కూసుంటవేందే. బండికి ముంగట కాకుంట ఎనక నిలవడి తోలినట్టు."

"ఉండు కవితక్కా, ఊరికే నవ్వగాకు," అంది ఆంటీ, తానూ నవ్వుతూనే.

మీట నొక్కాను, ఎర్రదీపం వెలిగింది. అక్షరాలన్నీ తలకిందులు, అదేమీ నాకు కొత్త కాదు, గొంతుల పట్టీ చదువుకుంటూ హార్మోనియానికి దగ్గరగా ఉండే గొంతు అంకె నొక్కబోయి పక్కది నొక్కాను, అది తనలో దాచుకున్న ఒక దొరల పాట వాయించడం మొదలుపెట్టింది, ఎంత ఆపినా ఆగదు, పూర్తిచేసి గానీ నోరు మూయలేదు. చెడ్డ పేజీలో ఇంకోటి. అప్పుడు సరైన అంకె నొక్కి, ఎడమచెయ్యి చాపి, నల్లమెట్ల మీదుగా అవతలికి వంచి, మొదటి మెట్టు మీద వేలు పెట్టాను. ఎక్కడ పెట్టానో చూసుకోలేదు. వేలికి తెలుసు.

ఎక్కింది. ఎక్కాల్సిన చోట ఎక్కింది. నా చెయ్యి ఎడమకు జరిగింది, పాట పైకి పోయింది, రెండూ ఒకటే అయిపోయాయి, కళ్లాపి చల్లిన వాకిట్లో ముగ్గుగీత ఎవరూ చెప్పకుండానే తిరిగినట్టు తిరిగి వచ్చి మొదటి మెట్టు మీద నిలబడింది. మళ్లీ వాయించాను, ఈసారి ఆగకుండా. వేళ్లు తప్పుతాయేమోనని భయపడటానికి కూడా తీరిక లేదు, ఒకటి అయ్యేలోపు రెండోది అక్కడికి చేరుకుంటోంది, ఐదేళ్లు మోకాలి ఎముక మీద ఆడినవి ఇప్పుడు గొంతు దొరికి పరుగెత్తుతున్నాయి, వెనక బెంచీ కింద ఆడినవి, విమానం సీటు పిడి మీద ఆడినవి, షాపు అద్దం మీద ఆడినవి, అన్నీ ఒకేసారి వినపడుతున్నాయి. కానీ ఒకటే ఎత్తులో. ఊపిరి లేదు, గీత గీసి రాశానే, అదే. పాట ఉంది, మనిషి లేడు. అప్పటికి నా కుడిచెయ్యి ఏం చేస్తోందో చూశాను. అది ఊరికే లేదు, గాలిలో ముందుకీ వెనక్కీ ఊగుతోంది, తిత్తి లేకపోయినా తిత్తి కొడుతోంది, దానికి మాత్రం ఎవరు చెప్పారు ఆపమని. దాని కిందే, పలక మీద, నావైపు అంచున, చప్పుడు పెంచే తగ్గించే మీట, తిప్పేది కాదు, పైకీ కిందికీ జరిపేది, వెయ్యి సార్లు జరిపినట్టు అరిగినది. ముందు కూర్చున్నవాళ్లకు అది దూరం. నాకు చేతికిందే ఉంది.

రెండు వేళ్లతో పట్టుకున్నాను. తాత కనుబొమ్మ లేపాడు, మీట పైకి జరిపాను. పాట రొమ్ము విరుచుకుంది. తాత కళ్లు మూశాడు, కిందికి జరిపాను, గది చిన్నదైపోయింది, వాషింగ్ మిషన్ చప్పుడు కూడా పాటలో కలిసి సన్నగా ఉంది. మెల్లగా పైకి, ఒక్కసారిగా కిందికి, చరణం చివర తల వంచినట్టు అనిపించిన చోట వదిలేశాను, దీపం కొండెక్కినట్టు, అచ్చంగా అట్లాగే. కొరకొరమంది ఆ మీట, లోపల దుమ్ముంది, రాసుకోవాలి, తర్వాత రాసుకుంటాను. ఆ పెట్టెకు ఊపిరి ఉంది. నా చేతిలో ఉంది. ఎడమచెయ్యి తాతది, కుడిచెయ్యి నాది, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషుల పని నేనొక్కదాన్నే చేస్తున్నాను, ఇంతకాలం పెట్టెకు అటొకరు ఇటొకరు ఉంటే గానీ పాట లేదనుకున్నాను, ఎవరినీ అడిగేది లేదు, ఎవరో ఎర్రగుడ్డ కప్పేది లేదు, ఏ బండీ దీన్ని ఎత్తుకుపోదు, నవ్వొస్తోంది, ఆపుకోలేదు, వాయిస్తూనే నవ్వాను, పళ్లు కనపడేట్టు, ఈ ఊరు వచ్చాక అట్లా నవ్వడం అదే మొదలు.

బాపమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కకు పెట్టి, చేతుల మీద దేక్కుంటూ నా ఎదురుగా వచ్చి కూర్చుంది, మామూలుగా వాయించేవాళ్లు కూర్చునే చోట. కళ్లు చిన్నవి చేసి నా వేళ్లనే చూస్తోంది. ముక్క చివరి వరస దగ్గర, ఎక్కి దిగబోయే చోట, నా ఉంగరపు వేలు పక్క మెట్టు మీద జారి మళ్లీ సర్దుకుంది. పాడు చేశాననుకున్నాను. బాపమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"గదే," అంది. "మల్లొక్కసారి గా ఒక్కతాన వాయించు."

వాయించాను. మళ్లీ అక్కడే జారింది.

బాపమ్మ ఒళ్లో చేతులు కొట్టుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీ తాత తప్పే గది. నలభై ఏండ్లు ఒక్కతాన్నే తప్పిండు. నేను స్తంభం ఎనక కూసుండి, ఇగ తప్పుతడు సూడు, ఇగ తప్పుతడు సూడు అని మా చెల్లెకు సైగ జేద్దును. ఇంటికొచ్చినంక చెప్తే నా మీదికే లేసేటోడు. ఓ కవితా, మీ మామ తప్పు పోలేదే, మనుమరాలి కాడ భద్రంగున్నది."

"ఎక్కడత్తమ్మా, నాకైతే మంచిగనే వినవడ్డది," అంది అమ్మ, ఎప్పుడు కూర్చుందో నా వెనక నేల మీద కూర్చుని ఉంది, తడిచెయ్యి నా వీపు మీద ఉంది, చుడీదార్ తడిసిపోతోంది, తియ్యమని నేను అనలేదు. వట్టి గాలి కొట్టినదానికి ఆ తప్పు రాదు. మెట్టు మెట్టూ చూసి నేర్చుకున్నదానికే ఆ తప్పు వస్తుంది. ఎవరైనా ఇక నన్ను తిత్తి పిల్ల అంటే అనుకోనీ, అవును అంటాను.

తర్వాత బాపమ్మ తానే ఒక పాట ఎత్తుకుంది, నేను ఆమె గొంతుకు సరిపడా మెట్లు వెతుక్కుంటుంటే గొంతు మొత్తాన్ని కిందికి దించే బటన్ ఒకటి దొరికింది, వేళ్లు మార్చకుండానే పాట బాపమ్మ ఎత్తుకు దిగింది, ఊళ్లో హార్మోనియం మగవాళ్ల ఎత్తులోనే ఉండేది, ఆడవాళ్లు గొంతు చించుకుని అందుకోవాల్సిందే, ఈ పాత ప్లాస్టిక్కు డబ్బా మాత్రం మా బాపమ్మ దగ్గరికి తానే వచ్చింది. జాహిదా ఆంటీ గుమ్మంలో కూర్చుని తొడ మీద తాళం వేస్తోంది, దువ్వెన ఇంకా తలలోనే ఉంది. అట్లా ఎన్ని పాటలయ్యాయో, గడియారాలు లేవు కదా, తాళంచెవి చప్పుడైంది. ఖమరుద్దీన్ అంకుల్. నా కుడిచెయ్యి మీటను కిందికి లాగేసింది, అలవాటు, అమ్మ కూడా లేవబోయింది. ఆయన లోపలికి అడుగుపెట్టి నోరు తెరిచి, "ఏంది ఇయ్యాల," అన్నాడో లేదో, జాహిదా ఆంటీ మూతి మీద వేలు పెట్టుకుంది.

"ష్. పాప వాయిస్తాండాది."

ఆ ఇంట్లో ఆయన్ను ష్ అనడం అదే మొదటిసారి. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని, నన్ను, నేను కూర్చున్న పక్కను, మళ్లీ నన్ను చూసి, చెప్పుల స్టాండు మీద కూర్చుండిపోయాడు. నేను మీట మళ్లీ పైకి జరిపాను. పూర్తిగా కాదు. సగం. ఒక పాట మొత్తం అక్కడే కూర్చుని విన్నాడు, అయ్యాక లేచి, "నాకు నిద్దరొస్తాంది గానీ, ఇది బాగుండాది," అని గదిలోకి వెళ్లాడు. అప్పుడు వైరు చెవులకు పెట్టుకుని అదే ముక్క మళ్లీ వాయించాను, ఎవరికీ వినపడకుండా, చివరి వరస దగ్గర జారకుండా వాయించడం వస్తుందేమోనని. వస్తుంది. వచ్చాక ఇంకోసారి జారుతూ వాయించాను.

నాలుగింటికి బాపు లేచి కూర్చున్నాడు. ఆయన కళ్లు చూస్తే తెలిసింది, ఒక్క నిమిషం కూడా నిద్రపోలేదు. చొక్కా వేసుకుంటూ, "ఊ, చెప్పు," అన్నాడు. డైరీ తీశాను.

"చెడ్డయి తొమ్మిది బాపూ. మంచియి అయిదు."

"మరి వాపసిద్దామా?"

అమ్మ నా వైపు చూసింది. బాపమ్మ చూడలేదు, ఈనెలు తీస్తోంది. ఇంతకుముందైతే మాట వచ్చేసరికి ఆయన మెట్లు దిగి ఉండేవాడు.

"వద్దు. ఉండనీ. మనదే."

బాపు తల ఊపాడు, సైట్లో సంతకం పెట్టేముందు ఊపినట్టు. చెప్పులు వేసుకుని తలుపు తీశాడు, చేతుల్లో ఏమీ లేదు, మొయినుద్దీన్ భాయికి చెప్పిరావడానికి వట్టి చేతులతోనే వెళ్తున్నాడు. నేను డైరీ పట్టుకుని ఆయన వెనకే గుమ్మం దాకా పరుగెత్తాను.

"బాపూ, ఇంకోటి రాయలే. ముంగట కూసుండి వాయించుడు నాకు రాదు. ఎనక కూసుంటెనే అస్తది. బడిల అందరు నవ్వుతరేమో."

ఆయన మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు.

"నవ్వనీ. గది దాని చెడ్డ లిస్టుల రాసేది కాదు, నీ చెడ్డ లిస్టుల రాసేది కాదు," అన్నాడు. "లోపలికి పో, ఏసీ గాలంత బయటికి పోతున్నది." నేను ఇంకేదో అనబోతుండగానే, చెయ్యి చాపి, నా ముక్కుకు జానెడు దూరంలో, తలుపు వేసేశాడు.